పడవ వెనుక పలక

మోటారు పడవను చూచువారు దాని ముక్కును చూతురు, రంగును చూతురు, మోటారు ఎన్ని గుఱ్ఱముల బలము గలదని యడుగుదురు. వెనుకనున్న పలకను చూచువా రరుదు. పడవకు వెనుక గోడయై నిలిచి, మోటారు బరువంతయు మోయునది ఆ పలకయే. ట్రాన్సమ్ అని దానికి పేరు. ఈ రాత్రి దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

మాది గోదావరి లంకలలో నొక గ్రామము. నా పడవ ఫైబరుతో చేసినది. పొడవు 14 అడుగులు, మోటారు 15 గుఱ్ఱముల బలముది. పాతదానినే కొంటిని. అమ్మినవాడు నిగనిగలాడు నీలిరంగు వేయించి యిచ్చెను. ఆ రంగును చూచి మురిసిన నా తెలివిని ఇప్పుడు మెచ్చుకొనజాలను.

2022 జూలైలో గోదావరి పొంగి ధవళేశ్వరమువద్ద మూడవ ప్రమాద హెచ్చరికను దాటెను. మా మేనత్తను, ఇరుగుపొరుగువారిని నలుగురిని ఎక్కించుకొని గట్టునకు వచ్చుచుండగా, నడియేట మోటారు వెనుకకు వాలినట్లు తోచెను. చేయి వేసి చూచితిని. ఊగుచున్నది మోటారు కాదు, పలక. బోల్టుల సందులనుండి గోధుమరంగు నీరు కారుచుండెను. “ఏంట్రా అబ్బాయీ, అలా చూస్తున్నావు?” అని అత్త అడిగెను. “ఏమీ లేదత్తా” అంటిని. వేగము తగ్గించి, మోటారును త్రాటితో బల్లకు బిగించి, తెడ్లు కూడ వేసి ఎట్లో గట్టు చేరితిమి. ఈ ప్రసంగము వినుచున్నచో ఆమెకు నిజము ఈ రాత్రియే తెలియును.

మోటారు పడవను నెట్టునప్పుడు పలక క్రిందిభాగము ముందునకు నొక్కబడును. పై యంచు వెనుకకు లాగబడును. రెండు ఫైబరు పొరల నడుమనున్న ప్లైవుడ్డు గట్టిగా నున్నంతవఱకే పలక దీనిని తట్టుకొనును. బోల్టు రంధ్రమువెంట చొచ్చిన నీటికి వెలికివచ్చు దారి లేదు. తడిసిన కఱ్ఱకు బూజు పట్టి లోలోపలనే కుళ్లును. ఈ విషయమున సముద్రపు నీటికన్న వాననీరే చెడ్డది. ఉప్పు బూజును కొంత అణచును.

2023 వేసవిలో పడవను పెరటిలోనికి చేర్చి, మా యూరి వడ్రంగి మేస్త్రిని పిలిచితిని. ఆయన చిన్న సుత్తితో పలకను అంగుళమంగుళము తట్టెను. మంచిచోట ఖణీమనెను, చెడినచోట తడిమట్టిని తట్టినట్లుండెను. లోపలి ఫైబరు పొరను మాత్రమే కోసితిమి. వెలుపలి పొరను తీసినచో పడవ ఆకారము చెడును. కోయునపుడు లేచు గాజుపొడి ఊపిరితిత్తులకు హాని చేయును గనుక, ముక్కునకు మంచి ముసుగు లేక ఆ పనికి దిగరాదు. లోని కఱ్ఱ ఉలి యక్కరలేకయే గరిటెకు వచ్చెను. “ఇది కర్ర కాదండి బాబుగారూ, టీ వడగట్టిన పిప్పండి” అనెను మేస్త్రి.

ఎడమ మూల మాత్రము గట్టిగా కనబడెను. దానిని ఉంచి అతుకు వేయుదమని నేనంటిని. ఖర్చు కలిసివచ్చునని ఆశ. ఆయన బదులాడక అచ్చట సన్నని రంధ్రము తొలిచి, వచ్చిన పొట్టును నా అరచేతిలో పోసెను. తడిగా, నల్లగా నుండెను. మొత్తము తీసివేసితిమి.

క్రొత్త పలకకు ఐ.ఎస్. 710 గుర్తుగల మెరైన్ ప్లైవుడ్డు తెచ్చితిని. దాని జిగురు 72 గంటలు మరుగునీటిలో నుంచినను విడరాదని నిబంధన. అట్టముక్కపై కొలత గీసి, 19 మిల్లీమీటర్ల పలకలు రెండు కోసి, ఎపాక్సీతో అతికి 38 మిల్లీమీటర్ల దళసరి చేసితిమి. పొట్టికాలు మోటారునకు పలక ఎత్తు 15 అంగుళము లుండవలయును. మిక్కిలి ఎత్తైనచో పంకా గాలిని లాగి ఊరక తిరుగును.

ఎపాక్సీ విషయమున నాకు శాస్తి జరిగినది. మిట్టమధ్యాహ్నము ఒక్క డబ్బాలో అరకిలో కలిపితిని. పది నిమిషములలో డబ్బా కాలి పొగలు వచ్చెను. అటుపిమ్మట తెల్లవారుజామునే, కొంచెము కొంచెముగా, వెడల్పైన పళ్లెములో కలిపితిమి. మా యింటి పళ్లెమొకటి దానికి బలియైనది; ఆ సంగతి యింట నేటికిని అప్పుడప్పుడు వినబడుచుండును.

పలకను వెలుపలి పొరకు అతికి, బిగింపులు వేసి, మూలలను గుండ్రముగా పూడ్చి, గాజుగుడ్డ మూడు వరుసలు వేసితిమి. ఒక్కొక్క వరుస క్రిందిదానికన్న వెడల్పుగా ప్రక్కలమీదికి ప్రాకవలయును. అన్నిటికన్న నేను శ్రద్ధ పెట్టినది బోల్టు రంధ్రములపై. ఒక్కొక్కటి వలసినదానికన్న పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన తరువాత దాని నడుమనే మరల తొలిచితిని. ఇట్లు చేసినచో నీరు చొరబడినను కఱ్ఱను తాకదు.

తొలకరిలో పడవను నీటిలో దింపితిమి. నిండు వేగమున పోవుచు పలకపై చేయి ఉంచితిని, కదలలేదు. నాటినుండి నెలకొకమారు బోల్టుల క్రింద తెల్లగుడ్డతో తుడిచి చూచుచున్నాను. గుడ్డ ఇంతవఱకు తెల్లగనే యున్నది.