ట్రాక్టరును మేల్కొలుపు చిన్న యంత్రము



ఈ రజతోత్సవ సభలో పురాణమేదైన చెప్పుమని మిత్రులు కోరిరి. నేను యంత్రమును గూర్చి చెప్పెదను. పురాణమును పూర్తిగా విడువను. సూర్యరథమునకు సారథి అనూరుడు. తొడలు లేనివాడు, అయినను అతడు ముందు రానిదే పొద్దు పొడువదు. పాత డీజిల్ ట్రాక్టరుపై అమర్చిన చిన్న పెట్రోలు యంత్రమును తలచినపుడెల్ల నాకు అతడే స్ఫురించును.

అమెరికాలో కాటర్‌పిల్లర్ కంపెనీవారు 1931లో తమ మొదటి డీజిల్ ట్రాక్టరును ఈ ఏర్పాటుతోనే వెలువరించిరి. 1938 నుండి 1957 వరకు చేసిన డి-2 అను చెయిను ట్రాక్టరుకును ఇదియే. పాత యంత్రములయం దభిమానము గలవారు అచ్చట వానిని నేటికిని నడుపుచున్నారు. డీజిలుకు నిప్పురవ్వ లేదు. గాలిని నొక్కగా పుట్టిన వేడికే ఇంధన మంటుకొనవలెను. చల్లని ఇనుము ఆ వేడిని మ్రింగివేయును. కావున రెండు సిలిండర్ల పెట్రోలు యంత్రము ముందు మేల్కొని పెద్దదానిని త్రిప్పును. త్రిప్పుట మాత్రమే కాదు. రెంటికిని నీరొక్కటే. చిన్నదాని పొగగొట్టము, పెద్దది గాలి పీల్చు గొట్టము గుండా పోవును. పొగతో పోవలసిన వేడియు పెద్దదానికి ఉపకరించుచున్నది!

పెట్రోలు వృథా యగునని తొందరపడువారు కలరు. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను, అది తప్పు లెక్క. కంప్రెషన్ మీటను వదులు చేసి, ఆయిలు ఒత్తిడి ముల్లు లేచువరకు పెద్ద యంత్రమును తేలికగా తిరుగనిచ్చి, మీట మార్చి, ఆ పిమ్మటనే డీజిలు విడువవలెను. ఆయిలు అందని బేరింగులు అరిగిన తరువాత మిగిలిన పెట్రోలుతో వానిని కొనలేము.

నీరు పోయనిదే చిన్నదానిని నడుపరాదు. దాని ఆయిలు వేరు. కొలకడ్డీ తీసి వాసన చూడవలెను. పెట్రోలు వాసన గట్టిగా కొట్టినచో, రాత్రి కుళాయి కట్టలేదన్నమాట. కార్బురేటరు నుండి కారిన పెట్రోలు ఆయిలును పలుచన చేసినది. దానిని మార్చక నడుపరాదు. పని ముగిసినపుడు స్విచ్చి నొక్కి ఆపుట కంటె, కుళాయి కట్టి, కార్బురేటరులోని పెట్రోలు తీరి దానంతటది ఆగునట్లు చేయుట మేలు. నిలువయున్న పెట్రోలు జిగురు కట్టును. నేటి ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను గూడ పీల్చును. పళ్లచక్రమును క్లచ్చి వదలియే కలుపవలెను; గరగర మన్నచో పళ్లు పోవుచున్నవి.

ఇక త్రాటితో లాగి నడుపువారికి ఒక మాట. త్రాటిని చేతికి చుట్టుకొనకుడు. యంత్రము ఒక్కొక్కమారు వెనుకకు తన్నును. పిడిని వ్రేళ్లతో మాత్రమే పట్టిన, త్రాడు పోవును, చేయి మిగులును.