ఓరుగల్లు జంపుఖానా పేరు



మన కొత్తవాడ జంపుఖానాలను పిల్లలిపుడు ఇంటర్నెట్టులో నమ్మఁబూనుచున్నారు. మాకు సంతోషమే. 1851లో లండను ప్రదర్శనమునకుఁ బోయిన తివాచీలు ఈ యూరివే గదా! 2018లో వరంగల్లు డర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను అది యూరి పేరు. ఏ యొక్కరి సొత్తును గాదు. ఎవరి యంగడి పేరును వారు 1999 నాఁటి ట్రేడ్‌మార్కుల చట్టము క్రింద వేఱుగా నమోదు చేయించుకొని, పదేండ్లకొకమారు పునరుద్ధరింపవలయును. ఆ పేరు ముందే యితరులకుఁ గలదేమో వెదకుట బోర్డు వ్రాయించుటకు ముందుపని, పిదపఁ గాదు.

మా భయము వేఱొకటి. మరమగ్గపు సరకును చేనేతయని యొక్కఁడు పంపినను, బొంబాయిలోఁ గొన్న యిల్లాలు ఆ యంగడిని గాదు, ఓరుగల్లునే నిందించును; తప్పెఱుఁగని పొరుగింటి మగ్గము మూలఁబడును. కావున నూలు, కొలత, నేసిన మగ్గము ఉన్నదున్నట్లు వ్రాయుఁడు. రంగు దిగినదని తిరిగివచ్చినచో వాదింపక సొమ్మిచ్చివేయుఁడు.