కీబోర్డు కొనేముందు



కీబోర్డు అంటే కరెంటుతో పలికే వాయిద్యం. చాలామంది దీన్ని 'కాసియో' అంటారు. అది ఒక కంపెనీ పేరు. యమహా వంటి కంపెనీలూ వీటిని చేస్తాయి.

మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటానంది. పొదుపు డబ్బుతో ఒకటి కొన్నాను. తీరా చూస్తే అది ఆటబొమ్మ! మెట్లు మరీ సన్నం. వేళ్లు పట్టలేదు. పిల్ల ఏడ్చింది. అప్పటికి నాకు అంకెలు కూడా రావు.

రెండోసారి అట్టపెట్టె నేనే చూశాను. '61' అని ఉంది. మెట్లు లెక్కపెట్టాను. ఒక్కో స్థాయికి 12. ఐదు స్థాయిలకు 60. చివర ఇంకొకటి. లెక్క సరిపోయింది!

మీరూ కొనేముందు నొక్కి చూడండి. మెట్లు వేలికి సరిపడా ఉండాలి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చే మీట ఉండాలి. బ్యాటరీతోనూ నడిస్తే, కరెంటు పోయినా సాధన ఆగదు. వందల రకాల మోతలున్నాయంటే మురిసిపోకండి. బిల్లు అడిగి తీసుకోండి. చదివి దాచుకోండి.

ఇప్పుడు మా అమ్మాయి సరిగమలు వాయిస్తోంది. పక్కన కూర్చుని నేనూ నేర్చుకుంటున్నాను. అక్షరాలు దిద్దిన వేళ్లకు స్వరాలు రావా, చెప్పండి!