దుడ్డు అను మాట వెనుక నున్న రాగి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఆదోని అంగళ్లలోను, ఎమ్మిగనూరు మగ్గముల కడను నేటికిని ధనమును దుడ్డు అనియే అందురు. దుడ్డనగా పూర్వమొక రాగి నాణెము. డబ్బు అనునదియు అట్టిదే. వరహాలు వేయించిన రాజులు గతించిరి. వరహా పద్దులనుండి తొలగిపోయెను. జనుల నోట నిలిచినది రాగి పేరు.

1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాక్ అచటి నాణెముల లెక్క వ్రాసియుంచెను. వరహాకు రెండు ప్రతాపములు, ప్రతాపమునకు పది పణములు, ఇవి బంగారు. పణమునకు ఆరు తారలు, ఇవి వెండి. తారకు మూడు జితలములు, ఇవి రాగి. గుణించి చూచిన వరహాకు 360 జితలములు! ఉప్పు, చింతపండు, దీపపు చమురు కొనువానికి వరహాతో నేమి పని? వాని రాజ్యమంతయు ఆ 360వ పాలులోనే యుండెను.

దేవరాయల రాగి నాణెములపై ఏనుగు బొమ్మయు, రెండవ ప్రక్క రాయ గజగండభేరుండ అను బిరుదమును కలవు. కృష్ణరాయల రాగిపై గరుడుడు. చదువరికి బిరుదము, చదువు రానివానికి బొమ్మ చాలును.

ఈ ఉపాయము పరదేశములందును కలదు. కాన్‌స్టాంటినోపుల్ నేలిన తూర్పు రోమను చక్రవర్తి అనస్తాసియసు 498లో పెద్ద రాగి నాణెము వెలువరించి, దానిపై 40 సంఖ్యకు గుర్తైన గ్రీకు అక్షరము నొక్కటి పెద్దదిగా వేయించెను. 10వ శతాబ్దిలో, జాన్ జిమిస్కీసు కాలము మొదలు, రాగిపై ప్రభువు పేరు మాని క్రీస్తు ప్రతిమ నుంచిరి. పేరు వేసికొనని ప్రభువులు అరుదు సుమా!

ఆదోని 1568లో బిజాపురము వశమయ్యెను. పిదప ఔరంగజేబు కాలమున ఇమ్తియాజ్‌గఢ్ అను పేర ఇచటనే టంకశాల నడచెను. ఆ పేరు గల బంగారు, వెండి నాణెములు నేటికిని భద్రముగా నున్నవి. బంగారమును కుండలలో పాతిపెట్టిరి. రాగిని కరగించి చెంబులు చేసికొనిరి. కావుననే మిగిలిన ప్రతి రాగి బిళ్లయు విలువైనది.

నాగటిచాలున పచ్చబారిన బిళ్ల కనబడిన, దానిని చింతపండుతో తోమరాదు, అక్షరములు చెరగును. పాతసామాను అంగడిలో తూచియు ఇయ్యరాదు. పది రూపాయల విలువ మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. హక్కుదారు లేనిచో మూడు పాళ్లు దొరికినవానికి, ఒక పాలు నేల గలవానికి. ప్రభుత్వము తీసికొన్నచో లోహపు వెలపై అయిదవ వంతు అధికముగా నిచ్చును. దొరికిన తేదీ, సర్వే నంబరు, లోతు, తూకము వ్రాసికొనుటకు ఈ గ్రంథాలయపు బల్లపై నొక చిట్టా యుంచిన చాలును.