విదేశ వ్యాపారము – ఆదాయపు పన్ను
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఆహ్వానసంఘమువారు నన్నీ విషయమును గూర్చి మాటలాడుమని కోరినప్పుడు, శబ్దమంజరియు అమరమును చెప్పుకొని బ్రదికినవానికి పన్నుల చట్టముతో నేమి పనియని మిత్రులు కొందఱు నవ్విరి. వారి నవ్వు న్యాయమే. కాని నాయొద్ద చదివిన పిల్లలలో పెక్కండ్రు నేడు దుబాయిలోను, సింగపూరులోను, అమెరికాలోను ఉద్యోగమో వర్తకమో చేయుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు తమ కాగితములు తెచ్చి, “మాస్టరుగారూ, దీని అర్థమేమి?” యని యడుగుట పరిపాటియైనది. చట్టమును చదువుటయు వ్యాకరణమును చదువుటయు నొక్కతీరు శ్రమయే. సూత్రము, దానికి అపవాదము, ఆ యపవాదమునకు మరల నొక యపవాదము. ఆ యభ్యాసమువలన నాకు బోధపడినంత మీకు నివేదించెదను.

మనవారిలో మూడు విధములైన మాటలు వినబడుచున్నవి. విదేశమున సంపాదించినదానికి ఇచ్చట పన్నే లేదని కొందఱందురు. ఇచ్చటికి పంపినంతనే పన్ను పడునని కొందఱందురు. భారతపౌరుడైన పిమ్మట లోకమున నెచ్చట గడించినను ఇచ్చట చెల్లింపవలసినదేయని మఱికొందఱందురు. ఈ మూడును సరికావు. మా శాస్త్రపు మాటలలో చెప్పవలెనన్న, చట్టము రెండు ప్రశ్నలు వేయును. కర్త ఆ సంవత్సరమున నెచ్చట నివసించెను? లాభమును పుట్టించిన క్రియకు అధికరణమేది? తక్కిన విచారమంతయు ఈ రెంటినుండి పుట్టినదే.

దూరదేశపు వర్తకునియొద్ద ఎంత తీసికొనవచ్చునను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. నేటి బాపట్ల జిల్లాలో సముద్రతీరముననున్న మోటుపల్లి యందు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున నొక యభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరకునంతయు హరించుచుండిరట. గణపతిదేవుడు ఆ యాచారమును మాని, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము తప్ప వేఱు తీసికొననని సముద్రవ్యాపారులకు మాట యిచ్చెను. అది సుంకమే కాని ఆదాయపు పన్ను కాదు. అయినను ఎంత యిచ్చుకొనవలెనో ముందుగా తెలిసిననేగాని వర్తకుడు పరదేశమున కాలు మోపడను సత్యమును మన రాజు గ్రహించి ఱాతిపై చెక్కించెను. నేడు దేశములు పరస్పరము చేసికొను పన్నుల యొడంబడికలకును ప్రయోజనమిదియే.

పంపిన ధనముపై పన్నను మాట ఎట్లు పుట్టినదో చెప్పెదను. 1922 నాటి చట్టము మొదట విదేశవ్యాపార లాభమును మూడు సంవత్సరములలోపల దేశమునకు తెచ్చినప్పుడే పట్టుకొనుచుండెను. 1939 నాటి సవరణతో ఆ పద్ధతి మాఱి, ఇచ్చటి నివాసియైనవాని ఆదాయము ఎచ్చట పుట్టినను లెక్కకు వచ్చుట ప్రారంభమైనది. పెద్దలు తమ పెద్దలయొద్ద విన్న పాతమాటయే యింకను మన యిండ్లలో తిరుగుచున్నది. నేడు ప్రవాసి తాను విదేశమున సంపాదించి, అచ్చట చేతికందిన ధనమును తరువాత తల్లిదండ్రులకు పంపినచో, ఆ పంపుటవలన పన్ను పుట్టదు. అతనికి ఇచ్చట పన్ను పడునది ఇచ్చట పుట్టిన యాదాయము, మొదటనే ఇచ్చట చేతికందిన యాదాయము మాత్రమే.

ఇక నివాసము. ఏప్రిలు 1 నుండి మార్చి 31 వఱకు గల సంవత్సరములో 182 దినములు ఇచ్చట నున్నవాడు నివాసి. అంతకు తక్కువయైనను ఆ యేడు 60 దినములును, అంతకు ముందటి నాలుగేండ్లలో మొత్తము 365 దినములును ఉన్నచో నివాసియే. ఉద్యోగమునకై దేశము విడిచిపోవు పౌరునికిని, విదేశమున నుండి చూచిపోవుటకు వచ్చువానికిని ఆ 60 స్థానమున 182 అని చట్టము సడలించినది. ఆ సడలింపునకు 2020లో నొక ముడి వేసిరి. విదేశపు సంపాదన గాక తక్కిన యాదాయము పదునైదు లక్షలు మించినవాడు చూచిపోవ వచ్చినప్పుడు, అతనికి 182 గాక 120 దినములే హద్దు. అట్టి యాదాయమే కలిగి, నివాసమును బట్టి గాని అట్టి వేఱు కారణమున గాని ఏ దేశమునను పన్నునకు లోబడని భారతపౌరుడు ఒక్క దినమైనను ఇచ్చట నుండకున్నను నివాసిగనే భావింపబడును. అయితే ఈ యిరువురికిని విదేశపు ఆదాయము తగులదు, ఇచ్చటినుండి నడపబడు వ్యాపారపు లాభము తప్ప. ఈ “తప్ప” యను మాటను వర్తకులు మఱువరాదు.

కావున పాస్‌పోర్టునందలి ముద్రలను చూచి దినములు లెక్కవేసికొనుడు. వచ్చిన దినమును, పోయిన దినమును రెండును కలియుననుకొని లెక్కించుటయే క్షేమము. పెండ్లికని వచ్చి, పురిటికని నిలిచి, సంక్రాంతి చూచి పోవలెనని యాగి, తెలియకయే హద్దు దాటినవారిని నేనెఱుగుదును.

వ్యక్తికి దినములు గాని, అవిభక్త కుటుంబమునకు లెక్క వేఱు. దాని వ్యవహారముల యదుపు పూర్తిగా విదేశముననే యున్నచో కాని అది ప్రవాసి కాజాలదు. దీనికి 1950లో సుప్రీముకోర్టు తీర్చిన సుబ్బయ్యచెట్టియారుగారి వ్యాజ్యము ప్రసిద్ధము. ఆయన సింహళమున కొలంబోలో భార్యాపుత్రులతో నివసించుచు వ్యాపారము చేయుచుండెను. ఒక యేడు 101 దినములు స్వదేశమున నుండి, కుటుంబపు వ్యాజ్యములను చూచుకొనెను, భాగస్వామ్య వ్యాపారములను గూడ ప్రారంభించెను. అదుపు పూర్తిగా వెలుపలనే యున్నదని రుజువు కాలేదని చెప్పి, కోర్టు ఆ కుటుంబమును నివాసిగనే నిశ్చయించెను. తమ్ముడు సింగపూరులో కొట్టు నడుపుచుండ, అన్న ఇచ్చట కూర్చుండి “ఇంతకు కొనుము, అంతకు అమ్ముము” అని దినదినము ఫోనులో ఆనతిచ్చు కుటుంబములు మనలో లేకపోలేదు. వారు ఈ తీర్పును తమ న్యాయవాదిచేత చదివించుకొనవలెను.

రెండవ ప్రశ్న మఱింత రసవంతమైనది. లాభము ఎచ్చట పుట్టినది? అమృతసరమున నొక కంపెనీ ఇటలీ దేశపు ఉన్నినూలు వ్యాపారులకు బేరములు చూచి పెట్టుచుండెను. ఆర్డర్లు ఇచ్చటినుండి పోవును. అంగీకరించుట మాత్రము ఇటలీలో. 1964లో సుప్రీముకోర్టు, ఇట్టి యంటీ అంటని సంబంధమువలన ఇటలీవారి లాభము ఇచ్చట పుట్టినట్లు కాదనెను. కాని 2018లో చట్టము మాఱినది. ఒప్పందము కుదురుటలో ప్రధానపాత్ర వహించు ప్రతినిధి యున్నను విదేశివర్తకుడు నేడు పన్నునకు చిక్కవచ్చును. ఏజెన్సీ వ్యాపారము చేయు మనవారు పాత తీర్పును నమ్ముకొని యుండరాదు. ఎగుమతికై సరకు కొనుట మాత్రమే చేయు విదేశికి మాత్రము, అతడు గుంటూరులో ఎన్ని టిక్కీల మిరపకాయలు కొన్నను, ఆ కొనుగోలువలన ఇచ్చట ఆదాయము పుట్టినట్లు చట్టము తలపదు.

ఒకే లాభము రెండు చోట్ల పుట్టిననో? నిజాము రాజ్యపు సరిహద్దు లుండిన నాటి యుదాహరణము వినుడు. బొంబాయిలోని అహమ్మద్‌భాయి ఉమర్‌భాయి కంపెనీకి రాయచూరులో వేరుసెనగ నూనె మిల్లు ఉండెను. రాయచూరు అప్పుడు హైదరాబాదు సంస్థానములోనిది. అచ్చట ఆడిన నూనెలో కొంత బొంబాయిలో అమ్మబడెను. అమ్మిన చోటనే లాభమంతయు పుట్టినదని ప్రభుత్వపు వాదము. 1950లో సుప్రీముకోర్టు, నూనె ఆడించుటవలన కలిగిన లాభభాగము రాయచూరులో పుట్టినది, అమ్ముటవలన కలిగిన భాగమే బొంబాయిది యని విడదీసెను. అది అధికలాభముల పన్ను వ్యాజ్యమైనను, లాభమును పనినిబట్టి పంచవలెనను న్యాయము ఇప్పటికిని నిలిచియున్నది. గింజలను ఆడించి నూనె తీసినవాని శ్రమకు విలువ లేదనుట ఏ ధర్మమునకు సమ్మతము?

ఒడంబడికలలో వ్యాపారలాభమునకు గీటురాయి “స్థిరస్థాపనము” అనునది. ఒక దేశపు వర్తకునికి మఱియొక దేశమున స్థిరమైన వ్యాపారస్థానము, అనగా శాఖయో, కార్యాలయమో, కర్మాగారమో యున్ననేగాని అచ్చటివారు అతని వ్యాపారలాభముపై చేయి వేయరాదు; వేసినను ఆ స్థాపనమునకు చెందిన లాభముపైననే. దీనిని వివరించిన తీర్పులలో మిక్కిలిగా ఉదాహరింపబడునది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో విశాఖపట్టణపు ఓడరేవు ట్రస్టు విషయమున చెప్పినది. ఒక జర్మను సంస్థ ఓడరేవునకు యంత్రము నమ్మి, దానిని నిలబెట్టు పనిని పర్యవేక్షించుటకు నిపుణుని బంపెను. అంతమాత్రము చాలదు, విదేశసంస్థయే ఈ నేలపైకి చొచ్చుకొని వచ్చి నిలిచినట్లు గట్టి యునికి యుండవలెనని కోర్టు నిశ్చయించెను. అయితే ఒడంబడికకును ఒడంబడికకును భేదము కలదు. అమెరికాతో 1989లో చేసికొన్నదానిలో, పండ్రెండు మాసములలో 90 దినములకు మించి మనుష్యులను పంపి సేవచేయించినను కొన్ని పట్ల స్థాపన మేర్పడినట్లే. చెన్నపట్టణపు వర్తకుడు ఒక దేశమును గూర్చి చెప్పినమాట మఱియొక దేశమునకు వర్తింపదు. భారతదేశమునకు ఇట్టి యొడంబడికలు తొంబదికి పైగా కలవు.

రెండు దేశములును పన్ను కోరినప్పుడేమి గతి? ఒక యుదాహరణము కల్పించి చెప్పెదను. ఇచ్చటి నివాసికి విదేశపు కొట్టుపై పది లక్షలు లాభము వచ్చినది. అచ్చట 90,000 చెల్లించెను. అదే లాభముపై ఇచ్చట 3,00,000 పన్ను అయినచో, 90,000 తగ్గించి 2,10,000 చెల్లించిన చాలును. అచ్చటి పన్నే యెక్కువయైనచో, ఇచ్చట చెల్లింపనక్కఱ లేదు గాని యెక్కువైన మొత్తము మనకు తిరిగి రాదు. ఈ తగ్గింపునకు అచ్చట చెల్లించిన రసీదులు కావలెను. ప్రవాసి ఒడంబడిక రక్షణ కోరినచో, తానున్న దేశపు ప్రభుత్వమువారి నివాస ధ్రువపత్రము కావలెను. దుబాయిలో పన్నే లేదుగదా యను మాటయు పాతబడినది. 2023 జూన్ 1 తరువాత మొదలైన లెక్కల సంవత్సరములనుండి ఆ దేశమున 3,75,000 దిర్హములు మించిన వ్యాపారలాభముపై నూటికి తొమ్మిది వంతున పన్ను గలదు.

“అచ్చట పన్ను విధింపవచ్చును” అని ఒడంబడికలో నున్నచో ఇచ్చట విధింపరాదని అర్థమా? మలేషియాలో రబ్బరు తోట గల యొక పన్నుదారుని వ్యాజ్యమున 2004లో సుప్రీముకోర్టు పన్నుదారునకు అనుకూలముగా తీర్చెను. 2008లో కేంద్రప్రభుత్వము వేఱు ప్రకటన చేసి, అట్టి యాదాయము ఇచ్చటి లెక్కలో చేరునని, అచ్చటి పన్ను మాత్రము తగ్గింపబడునని అర్థము స్థిరపఱచెను. ఒక్క “వచ్చును” పై ఇంత వివాదము! క్రియాపదమును తేలికగా చదువరాదని తరగతిలో నేను పలుమాఱు చెప్పినదానికి ఇంతకంటె సాక్ష్యమేల?

ప్రవాసియొద్ద ఇల్లుగాని స్థలముగాని కొనువారికొక హెచ్చరిక. నివాసియొద్ద కొన్నప్పుడు ఏబది లక్షలును అంతకు మించినదియునైన ధరకే నూటికి ఒకటి పట్టి ప్రభుత్వమునకు కట్టవలెను. ప్రవాసియొద్దనైనచో ఆ పరిమితియే లేదు. దీర్ఘకాలము చేతనున్న యాస్తి లాభముపై నూటికి పండ్రెండున్నరయు, దానిపై అదనపు వంతులును కొనువాడే మినహాయింపవలెను. లాభమెంతయో పన్నుశాఖవారి ధ్రువపత్రము ముందుగా పొందనిచో, జాగ్రత్తపరులు ధరమొత్తముపైననే మినహాయించుచున్నారు. మనవారిలో నొక గృహస్థు మేనబావయను నమ్మకముతో అమెరికావాసియైన బంధువునకు సొమ్మంతయు చెల్లించి యిల్లు వ్రాయించుకొనెను. రెండేండ్లకు తాఖీదు వచ్చినది అమ్మినవానికి కాదు, ఇతనికి. ఆ రెండు కుటుంబములును నేడు ఒక పందిరిక్రింద భోజనము చేయుటలేదు. పన్ను ఎంత పోయినదను దానికంటె నాకు అదియే కష్టముగా తోచుచున్నది.

శాశ్వతముగా తిరిగివచ్చువారికి చట్టము కొంత దయ చూపినది. వెనుకటి పదేండ్లలో తొమ్మిదేండ్లు ప్రవాసియైనవాడు గాని, వెనుకటి యేడేండ్లలో 729 దినములు మించి ఇచ్చట నుండనివాడు గాని, వచ్చిన క్రొత్తలో “సామాన్య నివాసి కాని నివాసి” యగును. ఆ కాలమున విదేశపు వడ్డీలు, అద్దెలు ఇచ్చట లెక్కకు రావు. ఆ గడువు తీఱిన వెనుక విదేశమున నున్న ఖాతాలను, ఆస్తులను పత్రమున చూపవలెను. చూపనివారిపై 2015 నాటి చట్టము పది లక్షల దండుగ విధింపవచ్చును. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో చేయబడిన చట్టము 2026 ఏప్రిలు 1 నుండి అమలగునట్లు విధింపబడినది. సెక్షన్ల సంఖ్యలు మాఱినవి గాని నేను చెప్పిన దినముల లెక్కలు మాఱలేదు.

మన విద్యార్థి వసతిగృహమునకు విదేశములనుండి చందాలు రానున్నవని వింటిని. భారతపౌరత్వముతో విదేశమున నున్నవాడు తన సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపినచో, అది 2010 నాటి చట్టము చెప్పు విదేశీ విరాళము కాదు. అదే దాత అమెరికా పౌరత్వమును పుచ్చుకొన్నవాడైనచో, ఆయన మన యూరిలో పుట్టినవాడే యైనను, అది విదేశీ విరాళమే; ముందుగా ప్రభుత్వపు నమోదు లేక యనుమతి లేనిదే సంఘము స్వీకరింపరాదు. కోశాధికారిగారు రసీదు వ్రాయుటకు ముందు దాత పాస్‌పోర్టు ఏ దేశపుదో యడిగి వ్రాసికొనవలెనని నా మనవి.