ఇంటి ధరకు మించిన ఖర్చులు
(శాఖా సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సర్వీసంతా రైల్వే క్వార్టరులోనో, తపాలా క్వార్టరులోనో గడిపి మొదటి ఇల్లు కొనబూనిన ఉద్యోగి, ఇంటి ధరను మాత్రమే లెక్క వేసికొనుచున్నాడు.

తెలంగాణలో స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి 2021 జూలైలో 6 నుండి 7.5 శాతమునకు పెరిగినవి. ఆ లెక్కన 30 లక్షల ఇంటికి 2,25,000 రూపాయలు. అప్పు నిర్ణయించునపుడు ఈ సొమ్మును ఇంటి వెలలో కలుపరాదని రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులను ఆదేశించినది. 2015లో ఇచ్చిన సడలింపు 10 లక్షలు మించని ఇండ్లకే! పట్టణములో ఆ వెలకు ఇల్లెక్కడిది? వెలలో 90 శాతము అప్పు లభించినను, మిగిలిన 3 లక్షలతో కలిపి 5,25,000 రూపాయలు చేత నుండవలెను. భవిష్యనిధి ఖాళీ యగుట, చేబదుళ్లు మొదలగుట ఇచ్చటనే.

ఆ ఇబ్బందిలో మనవారు మొదట మానుకొనునది న్యాయవాది ఖర్చు. బ్యాంకు న్యాయవాది చూచుచున్నాడు గదా యందురు. అతడు చూచునది బ్యాంకు క్షేమమును. రుసుము మాత్రము మనదే. ఇ.సి. రిజిస్టరైన లావాదేవీలనే చూపును గాని, వాటా అడుగబోవు వారసుని చూపదు. లింకు దస్తావేజులన్నియు బయానా ఇయ్యక మునుపే మన న్యాయవాదిచే చదివించవలెను.

కేంద్రము 2017లో సవరించిన నిబంధనల ప్రకారము గృహ నిర్మాణ అడ్వాన్సు 34 నెలల మూలవేతనమును గాని, 25 లక్షలను గాని మించరాదు. 30,000 మూలవేతనము గలవానికి 10,20,000 రూపాయలే. రిజిస్ట్రేషను ఖర్చులకు వేరుగా అడ్వాన్సు కోరుటకును, ప్రతి శాఖ ఒక న్యాయవాదితో సభ్యులందరికి ఒకే రుసుము ఖరారు చేసికొనుటకును తీర్మానమును మీ ముందుంచుచున్నాను.