తెర వెనుక కన్ను

కనిగిరి సీమ నెరిగినవారికి అచటి కష్టములు క్రొత్తగా చెప్పనక్కరలేదు. వానలు తక్కువ, బావినీటిలో ఫ్లోరైడు ఎక్కువ. అందుచేత ఎన్నో ఇండ్ల పిల్లలు పొట్ట చేతబట్టుకొని హైదరాబాదునకో, బెంగుళూరునకో, చెన్నపట్టణమునకో తరలినారు. చదువుకొన్నవారు కొందరు సముద్రములు దాటినారు. ఇంటివద్ద మిగిలిన తల్లిదండ్రులకు పిల్లలను కన్నులార చూచుకొను సాధనము నేడు వీడియో కాల్ ఒక్కటే.

ఆ చూపులో ఒక లోటున్నది. తల్లి తెరమీది కొడుకు ముఖమునే చూచుచుండును. కాని ఆమెను చిత్రించు కెమేరా తెర పై అంచున నుండును. అవతలి కొడుకునకు ఆమె కన్నులు క్రిందికి వాలినట్లు కనబడును. “నా వంక చూడవేమమ్మా?” అని అతడు, “నిన్నే చూస్తున్నా గదరా!” అని ఆమె. ఇరువురి మాటయు నిజమే. చేతిఫోనులో ఈ లోటు కొంత. ల్యాప్‌టాప్ వంటి పెద్ద తెరలలో మరింత.

దీనికి తోచు ఉపాయమేమి? కెమేరాను తెర వెనుకకు, ముఖము కనబడు చోటికే చేర్చుట. ఇట్టి ఉపాయము టెలివిజన్ కేంద్రములలో చిరకాలముగా ఉన్నదే. వార్తలు చదువువారి యెదుట ఏటవాలుగా ఒక అద్దము నిలిపి, దానిపై అక్షరములు ప్రతిఫలింపజేసి, అద్దము వెనుక కెమేరా నుంతురు. వారు చదువుచుండగా మనలనే చూచుచున్నట్లుండును. అయితే అరచేతిలో ఇమిడెడు పలుచని పరికరములో ఇది సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము తెర నిర్మాణములో నున్నది.

చవక ఫోనులలో, ల్యాప్‌టాపులలో, టెలివిజన్లలో మిక్కిలిగా వాడబడునది ద్రవస్ఫటికపు తెర. 1888లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ ఒక పదార్థమును వేడిచేసి చూడగా, అది సుమారు 145 డిగ్రీల వద్ద కరిగి మబ్బువంటి ద్రవమయ్యెను. 178 డిగ్రీలు దాటిన పిదప తేటపడెను. నీటివలె పారుచునే, స్ఫటికమువలె అణువులను వరుస తీర్చి నిలుపుకొను ఆ నడిమి స్థితియే ద్రవస్ఫటికము. ఈ పదార్థములపై మన గుంటూరు చెంతనున్న నాగార్జున విశ్వవిద్యాలయములో ఆచార్య పిసిపాటి ప్రభృతులు బహుకాలము పరిశోధనలు సాగించినారు.

ద్రవస్ఫటికము తనంత తాను వెలుగదు. అది కిటికీరెక్క వంటిది. వెలుగునకు వెనుక వేరొక దీపము కావలెను. ఆ వెలుగు రెండు ధ్రువణ పలకలను, వాని నడుమనున్న ద్రవస్ఫటికపు పొరను, ఎరుపు, ఆకుపచ్చ, నీలి రంగుల వడపోతలను దాటి మన కంటిని చేరవలెను. మొదటి పలకయే సగము వెలుగును మ్రింగును. మిగిలినదానిలో మూడింట రెండు వంతులు వడపోతలు హరించును. మరికొంత సన్నని తీగెల నీడలకు పోవును. నూరుపాళ్ల వెలుగులో తుదకు పదిపాళ్లు దక్కుటయు కష్టమే.

ఇట్టి తెర వెనుక కెమేరా నుంచినచో మూడు చిక్కులు. వెలుగును పరచు పలకయు, దాని వెనుకనున్న అద్దమువంటి పొరయు కెమేరా కన్నును మూసివేయును. అచట రంధ్రము చేసితిమా, ఆ చోట వెనుక దీపము లేక తెర నల్లబడును. ఇది మొదటిది. మన ముఖమునుండి వచ్చు వెలుగు సైతము ఆ పొరల నన్నిటిని దాటి క్షీణించును. ఇది రెండవది. గొడుగు గుడ్డగుండ వీధిదీపమును చూచిన గీతలు గీతలుగా కనబడునట్లే, తెరలోని సూక్ష్మమైన గళ్లు వెలుగును చెదరగొట్టి చిత్రమును మసక చేయును. ఇది మూడవది.

2018 చివర తెరలో చిన్న రంధ్రము తొలిచి, అందు కెమేరా నిలిపిన ఫోనులు వచ్చినవి. అది వెనుకకు చేర్చుట కాదు, చోటు విడుచుట మాత్రమే. 2020లో జడ్.టి.ఇ. సంస్థ ఆక్సాన్ 20 ఫోనులోను, 2021లో శామ్‌సంగ్ సంస్థ మడత ఫోనులోను కెమేరాను నిజముగనే తెర మాటున నుంచిరి. కాని అవి ద్రవస్ఫటికపు తెరలు కావు. ప్రతి బిందువును తానే వెలుగు ఓలెడ్ తెరలు. వెనుక దీపము లేనందున మొదటి చిక్కు లేదు. తక్కిన రెండును మిగిలినవి. అందుచే అట్టి చిత్రములకు స్పష్టత కొరవడి, గణనయంత్రముతో దిద్దుకొనవలసి వచ్చుచున్నది. ద్రవస్ఫటికపు తెరకు ఇంజనీర్లు తలచు మార్గము వేరొకటి: కంటికి తెలియనంత వేగముగా ఒక క్షణము దీపము వెలిగించి, మరుక్షణము ఆర్పి, ఆ చీకటి క్షణములోనే కెమేరాను చూడనిచ్చుట.

ఇది దూరదేశముల ముచ్చట యని తలపరాదు. 2015లో శ్రీసిటీలో షియోమీ ఫోనుల కూర్పు ఆరంభమైనది. 2018లో తిరుపతి చెంత టి.సి.ఎల్. సంస్థ తెరల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది.

ఒక హెచ్చరికయు అవసరము. ఎదుటనున్న కెమేరాపై కాగితపు ముక్క అంటించి మూయవచ్చును. తెర మాటున దాగినదానిని ఎట్లు మూయుదుము? 2020, 2021 సంవత్సరములనుండి ఫోనులలో కెమేరా పనిచేయునపుడు తెర అంచున ఆకుపచ్చని చుక్క కనబడుచున్నది. కన్ను దాగినకొలది అట్టి గుర్తు మరింత ముఖ్యమగును. ఇంటివారెల్లరు దానిని గుర్తింప నేర్చుకొనవలెను.

ఆ తెర మన చేతికి వచ్చువరకు ఒక చిన్న పద్ధతి చాలును. ఫోనును ఒడిలో గాక కంటి యెత్తున నిలుపుడు. ల్యాప్‌టాప్ అయినచో బిడ్డ ముఖము కనబడు చట్రమును కెమేరా క్రిందికి జరుపుడు. వినునప్పుడు ముఖమును చూడుడు, “తిన్నావా నాయనా?” అని అడుగునప్పుడు మాత్రము ఆ చిన్న నల్లని చుక్కను చూడుడు. అవతలివానికి అది తల్లి చూపై అందును.